అడుగు బస్తాలో ఎల్లాజీ

తీరప్రాంత పలుకుబడుల పరిరక్షణ సంస్థలో నూకరత్నం చేసిన తప్పు ఒక్కటే. అనుమతి అడిగింది. అడక్కుండా తన పని తాను చేసేసుకుని ఉంటే సంస్థకి అంత కీర్తీ వచ్చేది కాదు, మనకి చెప్పుకోవడానికి ఈ కథా ఉండేది కాదు.

ఆ సంస్థ కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే రోడ్డు పక్కన, సముద్రానికి మరీ దగ్గరగా ఉంది. తీరం గురించి పనిచేసే సంస్థ తీరం మీదే ఉండాలని వెనకటికి ఎవరో పెద్దమనిషి పట్టుబట్టాడట. సముద్రానికీ ఆ మాట నచ్చినట్టుంది, ఏటా కాస్త కాస్త లోపలికి జరిగొచ్చి సంస్థ ప్రహరీగోడని పలకరించి పోతోంది.

నూకరత్నం అందులో పరిశోధకురాలు. తాత్కాలిక ఉద్యోగం. మత్స్యకారుల ఇంట్లో పుట్టి పెద్ద చదువు చదువుకున్న మనిషి కావడంతో, పల్లెలు తిరిగి, పడవలు నడిపిన ముసలి సరంగుల మాటలు రికార్డు చేసుకొచ్చే పని ఆమెకి అప్పజెప్పారు. ఏ గాలిని ఏమంటారు, నీటి రంగు ఎలా మారితే ఏ చేప వస్తుంది, ఏ కాలంలో ఏ వల దించాలి, ఇవన్నీ వాళ్ళ గొంతుల్లోనే ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ లేవు. సంస్థకి కంప్యూటరు కొనే ఫైలు ఆమె చేరకముందు నుంచీ నడుస్తోంది, ఇంకా గమ్యం చేరలేదు. అందుకని ఆ గొంతులన్నీ తన సొంత లాప్‌టాప్‌లో దాచుకుంది. రికార్డరులో ఉన్న చిన్న కార్డు నిండగానే లాప్‌టాప్‌లోకి ఎక్కించి, కార్డు తుడిచేసి, మళ్ళీ పల్లెకి పోయేది. రెండో కార్డు కొనమంటే అదొక ఫైలు.

ఆ గొంతుల్లో ఎల్లాజీది ఒకటి. సముద్రం మీద పుట్టాడా అన్నట్టు ఉండేవాడు ఆ ముసలాయన. కళ్ళు మూసుకుని మొహానికి గాలి తగలనిచ్చి, రేపు పడవ తియ్యాలో మానాలో చెప్పేవాడు. కిందటి ఎండాకాలం పోయాడు. ఆయన భార్య కాసులమ్మ చేపల తట్టతో టౌనుకి వచ్చిన రోజల్లా సంస్థ వరండాలో తట్ట దించి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేది.

“ఓపాలి ఇనిపిత్తావేటమ్మా, రత్నమ్మా?”

నూకరత్నం వినిపించేది. కాసులమ్మ ఊరికే వినేదా? లాప్‌టాప్‌తో పోట్లాడేది. “అబద్దం! ఆ ఏల గాలి మారిందని సెప్పింది నేను. ఈడు ఇంటేనా? అంతా ఆడికే తెలిసినట్టు సెప్పేత్తన్నాడు సూడు!” అని కసిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయేది.

ఒక రోజు ముసురు పట్టి, సంస్థ కప్పు కారి, లాప్‌టాప్‌కి జానెడు దూరంలో బొట్టు పడింది. నూకరత్నం లాప్‌టాప్‌ని ఒళ్ళోకి లాక్కుంది. ఆ పూటే కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి పోయి ఆరా తీసింది. అక్కడ కూర్చున్న మనిషి వివరంగా చెప్పాడు. ఒక నకలు ఇంటర్నెట్‌లో నెలవారీ అద్దెకి పెట్టుకోవచ్చు. ఇంకొకటి చిన్న డిస్కులోకి ఎక్కించి వేరే ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లో పెట్టుకోవచ్చు. రెండూ కలిపినా డైరెక్టరుగారి గదిలోకి సాయంత్రాలు వెళ్ళే బజ్జీల ఖర్చంత కాదు. డిస్కు పెట్టుకోవడానికి రాజమండ్రిలో అక్క ఉంది. నూకరత్నం అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

కానీ గొంతులు సంస్థ జీతం తీసుకుంటూ సేకరించినవి కదా, ఒక మాట అడగడం ధర్మం అనుకుంది. అడిగింది.

డైరెక్టరు సకలేశ్వరరావుగారు అర్జీని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మాట్లాడే ముందు గొంతు సవరించుకున్నారు. ఆయన మామూలు మాట చెప్పినా వెనకాల మైకు ఉన్నట్టే చెబుతారు.

“అమ్మా, నీ ప్రతిపాదన మిక్కిలి హర్షణీయం. అయితే సంస్థాగత వారసత్వ సంపదను వ్యక్తిగత స్థాయిలో స్థానభ్రంశం చేయుట పరిపాలనా సంప్రదాయం కాదు. దీనికొక విధానం కావాలి. విధానానికొక సంఘం కావాలి.”

“ఈ లోపల వాన పడితే ఎలాగండీ?”

“ఈ లోపల యథాతథ స్థితి.”

యథాతథ స్థితి అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. విషయం తేలేదాకా ఎవరూ నకలు తియ్యకుండా లాప్‌టాప్‌ని గుడ్డలో మూట కట్టి, ముడి మీద లక్క సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. “నాదండీ ఆ లాప్‌టాప్!” అని నూకరత్నం మొత్తుకుంది. “నీదే అమ్మా, ఎవరు కాదన్నారు? లోపలున్నవి మావి,” అన్నారు డైరెక్టరుగారు దయగా.

ఆ వారం కాసులమ్మ వచ్చి సంగతి విని బీరువా వైపు చూసింది. “ఏటే అమ్మా, మావోణ్ణి బీరువాలో ఎట్టి తాళం ఏసేరా? ఆడికి ఇంట్లో కూకోమంటేనే ఊపిరాడేది కాదు!”

నూకరత్నం ఆ సీలు ఊడబెరికి, గుట్టుగా ఒక నకలు తీసేసుకుందామని ఎన్నోసార్లు అనుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం చెయ్యి పట్టుకుంది. ఇంటి అద్దె, తమ్ముడి చదువు అన్నీ ఆ తాత్కాలిక ఉద్యోగం మీదే నడుస్తున్నాయి మరి.

సంఘం కూర్చుంది. అధ్యక్షులు డైరెక్టరుగారు. సభ్యులు అకౌంట్సు ఆఫీసరు తాతారావు, రెవెన్యూలో రిటైరైన పెద్దాయన ఒకరు. నూకరత్నాన్ని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అంటే గుమ్మం పక్క కుర్చీలో కూర్చోవచ్చు, అడిగితే తప్ప మాట్లాడకూడదు.

మొదటి చర్చనీయాంశం దూరం. అసలుకి వచ్చిన ఆపద నకలుకి రాకూడదంటే రెండూ ఎంత దూరంలో ఉండాలి? పక్క గది అంటే వాన. పక్క వీధి అంటే ఉప్పెన. రాజమండ్రి అంటే గోదావరి వరద. పైగా అక్కడున్నది అర్జీదారు సొంత అక్క, బంధుప్రీతి అంటారు. రెవెన్యూ పెద్దాయన తన సర్వీసులో చూసిన తుఫాన్లన్నీ ఏకరువు పెట్టి, ఒక పెద్ద తుఫాను ఎంత మేర పాకుతుందో చేతులు చాపి చూపించాడు. చివరికి రెండు వందల కిలోమీటర్లు అని తీర్మానించారు. “అసలు, నకలు ఏ సమయమందును, ఏ కారణము చేతను, రెండు వందల కిలోమీటర్ల లోపు దూరములో ఉండరాదు,” అని డైరెక్టరుగారే స్వయంగా చెప్పి రాయించారు. “ఏ సమయమందును” అన్న మాట ఆయనకి ఎంత నచ్చిందంటే, రెండుసార్లు చదివించుకున్నారు.

రెండో అంశం చవక. ఇది తాతారావు సొంత పొలం లాంటిది. ఆయన వ్యవసాయ మార్కెట్ యార్డు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు, జీవితమంతా గిడ్డంగుల టెండర్లు పిలిచాడు. ఇక్కడా అదే నమూనా తీశాడు. పంట పేరున్న చోట “గొంతులు” అని మార్చాడు, మిగిలింది అలాగే ఉంచాడు. క్వింటాలుకి నెలకి ఎంత అద్దె, ఎలకల బెడద ఉందా, హమాలీ ఖర్చు ఎవరిది, ఇవి అందులో ప్రశ్నలు.

ఇంటర్నెట్‌లో చోటు అద్దెకిచ్చే కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి ఆశగా వచ్చాడు. టై కట్టుకున్నాడు కూడా.

“మీ రేటు క్వింటాలుకి రాయలేదేమండీ?” అన్నాడు తాతారావు.

“మా దాంట్లో బరువుండదు సార్.”

“ఎంత తక్కువైనా సరే, రాయండి. కిలోల్లో రాసినా ఒప్పుకుంటాం.”

“అసలుండదు సార్.”

“తూకం లేని సరుక్కి బిల్లు పాసవదండీ,” అన్నాడు తాతారావు నిజమైన బాధతో. “ఆడిట్‌వాళ్ళొచ్చి, ఎంత పంపారు ఎంతొచ్చింది అంటే నేనేం చూపించను?”

డైరెక్టరుగారు ముందుకి వంగారు. “మీ గిడ్డంగి ఎక్కడ?”

“చాలా చోట్ల ఉంటుంది సార్. ఎక్కడుందో మీరు పట్టించుకోనక్కర్లేదు.”

“చిరునామా లేని చోట వారసత్వ సంపదనా!” అని డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆ పెద్దమనిషి టై వదులు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

టెండరు గెలిచింది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి. దూరం సరిపోయింది. రేటు అందరికన్నా తక్కువ. చల్లగా ఉంటుంది, కంప్యూటర్లకి చల్లదనం మంచిదని సంఘంలో అందరూ విని ఉన్నారు. ఎలకలు మిర్చి ఘాటుకి రావు. ఇక వంకపెట్టేదేమీ లేదు, ఒక్క చిక్కు తప్ప. స్టోరేజివాళ్ళు పది బస్తాలకి తక్కువైతే సరుకు దించుకోరు. డిస్కు బరువు చూస్తే ఒక మామిడికాయంత.

“మిగతా బరువు?” అన్నాడు తాతారావు, దిగాలుగా.

అప్పుడు డైరెక్టరుగారే మొహమాటపడుతూ నోరు విప్పారు. “నా ఉపన్యాసాల సంపుటాలు కొన్ని స్టోరు రూములో ఉన్నాయి. అవీ తీరభాషకి సంబంధించినవే.”

కొన్ని అని ఆయన వినయంగా అన్నారు గానీ, తీరా చూస్తే పది బస్తాలూ నిండాయి. అచ్చు వేయించిన నాటి నుంచి ఒక్క ప్రతీ కదల్లేదు మరి.

ఇక నకలు తీయడమే మిగిలింది. నూకరత్నం కొత్త డిస్కు పట్టుకుని బీరువా దగ్గరికి వెళ్ళింది. తాతారావు అడ్డం వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఆగమ్మా. డిస్కుని లాప్‌టాప్‌కి తగిలిస్తే రెండూ ఎంత దూరంలో ఉంటాయి?”

“ఎంత దూరమేంటండీ? పక్కపక్కనే ఉంటాయి.”

“నకలు పడ్డ మరుక్షణం అసలూ నకలూ ఒకే బల్ల మీద! ఏ సమయమందును అని తీర్మానం. నేను ఒప్పుకుంటే నా పెన్షను ఆగిపోద్ది.”

నూకరత్నం నవ్వింది. వేళాకోళం అనుకుంది. ఆయన నవ్వలేదు. సంఘం మళ్ళీ కూర్చుంది. రెండు వందల కిలోమీటర్లు పొడవున్న వైరు ఎక్కడ దొరుకుతుందని రెవెన్యూ పెద్దాయన అడిగాడు. తాతారావు ధరలు కనుక్కున్నాడు కూడా. అది చవక కాదని తేలాక, డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, మొహం వెలిగిపోతుండగా కళ్ళు తెరిచారు.

“అసలు ఆపదలో ఉంది. దూరాన ఉన్నది భద్రంగా ఉంటుంది. అట్టి స్థితిలో అసలునే దూరానికి పంపితే?”

“మరి నకలండీ?” అంది నూకరత్నం, అడక్కుండానే.

“అక్కడికి చేరాక అదే నకలు. ఇక్కడి రిజిస్టరులో అసలు అని ఉంటుంది, అక్కడి రిజిస్టరులో నకలు అని ఉంటుంది. ఏ సమయమందును రెండూ ఒకచోట ఉండవు. తీర్మానం అక్షరాలా అమలవుతుంది.”

తాతారావు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒకే వస్తువు రెండు రిజిస్టర్లలో ఉండడం, ఖర్చు మాత్రం ఒక్కదానికే కావడం ఆయన సర్వీసులో ఎప్పుడూ ఎరగడు.

“సార్, ఉన్నది ఒక్కటే! అది పోతే ఇంకేం మిగలదు! అవి చచ్చిపోయిన మనుషుల గొంతులు సార్, మళ్ళీ వెళ్ళి తెచ్చుకోడానికి లేదు!” నూకరత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది.

“భావోద్వేగం వద్దమ్మా. అందుకేగా ఇంత జాగ్రత్త? విలువైన వస్తువు కనుక అట్టడుగు బస్తాలో పెట్టమని ప్రత్యేకంగా రాయిస్తున్నాను. దొంగ వచ్చినా పై బస్తాలే కదా తీసేది!”

లాప్‌టాప్ గోనెసంచిలో ఉపన్యాసాల మధ్య పడుకుని, లారీ ఎక్కి గుంటూరు పోయింది. నూకరత్నం గేటు దాకా వెళ్ళి, లారీ మలుపు తిరిగేదాకా చూసింది. 

వానాకాలం చివర్లో తుఫాను వచ్చింది. ప్రహరీ కూలింది, సముద్రం సంస్థలోకి నడుంలోతున వచ్చింది. బీరువాలు బోర్లాపడ్డాయి. నీళ్ళు తీశాక డైరెక్టరుగారు బురదలో నిలబడి పత్రికలవాళ్ళతో మాట్లాడారు.

“సేకరణల నష్టం శూన్యం! మా దూరస్థ భద్రతా విధానం ఫలితమిది!”

నిజమే, అక్కడ పోవడానికి ఏమీ లేదు. ఫొటోలు పడ్డాయి. రాష్ట్రంలో మిగతా సంస్థలు కూడా ఈ విధానాన్ని అనుసరించాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. ఒక గ్రంథాలయం తన పుస్తకాలన్నీ పంపించేసి, ఏ చెదలూ పట్టలేదని సంబరం చేసుకుంది. ఒక మ్యూజియం విగ్రహాలు పంపించి, వాటి స్థానంలో “భద్రం” అని బోర్డులు పెట్టింది. సకలేశ్వరరావుగారికి శాలువాలు కప్పీ కప్పీ జనం అలిసిపోయారు.

ఆ సందడి ఇంకా సాగుతుండగానే, ఎండలు ముదిరే వేళకి కాసులమ్మ తట్ట లేకుండా వచ్చింది.

“ఆడు పోయి ఏడాది తిరిగొత్తంది రత్నమ్మా. ఆ రోజు ఇంట్లో ఆడి గొంతు ఇనపడాల. మనవలు ఇంటారు. ఆణ్ణెక్కడెట్టేరో సెప్పు, నేనే పోయి తెచ్చుకుంటాను.”

నూకరత్నం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. నకలుని వెనక్కి రప్పిస్తే అది అసలున్న చోటికి వచ్చినట్టే కనుక కుదరదన్నారాయన. చివరికి ముసలమ్మని చూసి మెత్తబడి, “స్థానిక శ్రవణానికి” అనుమతి రాసిచ్చారు. అంటే అక్కడికే పోయి, అక్కడే విని, అక్కడే వదిలేసి రావాలి. ఆడా మగా అందరూ ఎక్కి కిక్కిరిసిన బస్సులో ఇద్దరూ గుంటూరు బయల్దేరారు. కాసులమ్మ కొత్త చీర కట్టుకుంది.

స్టోరేజి గేటు దగ్గరే మిర్చి ఘాటుకి ఇద్దరికీ దగ్గు, తుమ్ములు. గుమాస్తా మస్తాన్‌వలీ మర్యాదగా ఎదురొచ్చాడు.

“గొంతుల బస్తాల లాటు కోసమా మేడం? మావోళ్ళందరికీ తెలుసండి. ఏం గొంతులో ఏందో, ఒక్కనాడన్నా చప్పుడు చెయ్యలా.”

హమాలీలు చలిగదిలోంచి బస్తాలు ఒక్కొక్కటే మోసుకొచ్చారు. పైవన్నీ ఉపన్యాసాలే. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, చలికి కాగితం ఇంకాస్త పెళపెళలాడుతోంది. అడుగు బస్తా చివర్న వచ్చింది. మూతి విప్పేసరికే నూకరత్నానికి తెలిసిపోయింది. తొమ్మిది బస్తాల ఉపన్యాసాలు నెలల తరబడి మీద కూర్చుంటే ఏ వస్తువు తట్టుకుంటుంది? లాప్‌టాప్ అట్టముక్కలా అణిగి, మధ్యకి విరిగింది. కదిపితే లోపల, గొంతులు దాచిన డిస్కు పలక గాజుపెంకులై గలగలమంది. ఆ పెంకులే ఎల్లాజీ.

“అడుగునే పెట్టమని మీవాళ్ళే రాసిచ్చారండి, పైన పెడదామంటే రూలు కాదన్నారు,” అన్నాడు మస్తాన్‌వలీ, ఆమె మొహం చూసి కంగారుగా.

నూకరత్నం డైరెక్టరుగారికి ఫోను చేసింది.

“ధ్వంసమైంది అసలా, నకలా?” అన్నారాయన.

“ఒక్కటే ఉంది సార్. అదే పోయింది.”

“అలా అనకూడదమ్మా. అక్కడి రిజిస్టరు ప్రకారం అది నకలు. నకలు పోయినప్పుడు అసలు ఉన్నట్టే లెక్క. ఇక్కడి రిజిస్టరులో అసలు ఉంది, నేనిప్పుడే చూస్తున్నాను. కాబట్టి నష్టం లేదు. అది సరే, ఉపన్యాసాలెలా ఉన్నాయి?”

“చెక్కుచెదర్లేదు సార్.”

“చూశావా! విధానం పని చేసింది!”

ఫోను పెట్టేసి నూకరత్నం అక్కడే ఒక బస్తా మీద కూలబడింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, మిర్చికి కొంత, మిగతాది సిగ్గుకి. అడక్కుండా ఒక్క పూటలో అయిపోయే పని ఇది. “నా వల్లే మామ్మా. నేనే అడిగాను వాళ్ళని,” అంది.

కాసులమ్మ గోనెసంచిలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు. కొత్త చీర కొంగు నడుంకి దోపుకుంది.

“మావోడు ఒంట్లో సత్తువున్నన్నాళ్ళూ సముద్రం మీద తిరిగేడమ్మా. ఎన్ని తుపానులొచ్చినా మునగలేదు. మీ ఆపీసోళ్ళ సేతుల్లో పడి, ఒట్టి నేల మీద మునిగిపోనాడు.”

మస్తాన్‌వలీ తల దించుకున్నాడు. హమాలీలు కూడా నిలబడిపోయారు.

కాసులమ్మ నేల మీద చతికిలబడి, మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది, ఎల్లాజీ మూసుకున్నట్టే. మిర్చి షెడ్డులో గాలేముంటుంది? అయినా ముక్కుపుటాలు అదిరాయి. “తెల్లారగట్ల కొండమీంచి దిగే గాలి సల్లగుంటాది, గానీ అది నమ్మేది కాదు,” అంటూ మొదలుపెట్టింది. ఆ మాటలు ఎల్లాజీవి. మధ్యలో ఆగి, “ఇక్కడ ఆడు తప్పు సెప్పేవోడు, నేను సెప్తాను ఇను,” అని సరిదిద్దింది. ఇన్నాళ్ళూ ఆమెని ఎవరూ రికార్డు చెయ్యలేదన్న సంగతి నూకరత్నానికి అప్పుడు తట్టింది. అందరూ సరంగులనే అడిగారు, తనతో సహా.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని ఫోను తీసి రికార్డు నొక్కింది. అయిన ముక్క అయినట్టే రాజమండ్రి అక్కకి పంపింది, తమ్ముడికి పంపింది, కాసులమ్మ మనవలకి పంపింది.

మస్తాన్‌వలీ దగ్గరికొచ్చి చెవిలో అన్నట్టు అడిగాడు. “మేడం, మీ కాయితంలో వినడానికే రాసుంది. రికార్డింగుకి పర్మిషనుందా?”

“లేదు,” అని నూకరత్నం ఫోను కాసులమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.